ఇనుము లేని నడక

పనిలోకి దిగే ముందు సర్వే అక్క ఒంటి మీద ఇనుమన్నది ఉంచుకోదు. తాళాలు, వాచీ, ఫోను సంచిలోకి పోతాయి. ప్యాంటుకు బెల్టు బదులు నాడా. భుజానికి వేలాడే పొడవాటి పెట్టె నేల లోపలి సంగతి అంకెల్లో చెబుతుంది గానీ, పక్కన చిన్న మేకున్నా అబద్ధమాడేస్తుంది. బడి ఆవరణలో కొత్త గదులకు పునాది తవ్వాల్సిన రోజున, బడి స్థలం పటంలో ఏమీ లేని చోట అంకె ఉన్నట్టుండి పడిపోయింది. అక్కకు తన మీదే అనుమానమొచ్చి తడుముకుంటే తలలో పిన్ను దొరికింది. దాన్ని దూరంగా విసిరేసి, విరబోసిన జుట్టుతో మళ్లీ నడిచింది. అంకె అక్కడే పడింది.

"పటంలో లేనిది నీ పెట్టెకెలా కనబడిందక్కా?" గేటు దగ్గర బండి ఆపుకున్న పొక్లెయిన్ డ్రైవరు నవ్వాడు.

"గునపం వేసి చూడు తమ్ముడూ."

రెండో పోటుకే గునపం అతని చేతిలోంచి జారి నేలలోకి మాయమైంది. క్షణం తర్వాత అడుగున నీళ్ల చప్పుడు. పూడ్చకుండా పైన కప్పేసిన పాత బావి.

"చెప్పానా," అంది అక్క, పట్టలేని సంతోషంతో.

బండి రావాల్సింది ఆ దారినే. డ్రైవరు బండి దగ్గరికెళ్లి వాచీ, తాళాలు, బెల్టు తీసి సీటు మీద పెట్టి, జారే ప్యాంటును ఒక చేత్తో పట్టుకుని, "పద అక్కా, మిగతాది కూడా చూద్దాం," అంటూ ఆమె అడుగులో అడుగు వేశాడు.