మా విన్నపాలకు పెట్టిన కాపలా

మా ప్రార్థన విన్నపాలను మా వాళ్ల కంటే ముందు ఒక కంపెనీ విప్పుతోంది. అందుకు ఒప్పుకుంటారా అని మమ్మల్ని ఎవరూ అడగలేదు.

విన్నపమంటే మా చంద్రపూర్ తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో ఉత్త భక్తి మాట కాదు. "ఒక సోదరికి సోమవారం పెద్ద దవాఖానలో పరీక్ష ఉన్నది, ప్రార్థించుండ్రి" అంటే ఆ రోజు ఎవరో ఒకరు తోడు పోవాలని అర్థం. పేరు చెప్పరు, రమ్మని నోరు తెరిచి అడగరు. అడిగించుకోకుండానే వెళ్లడం మర్యాద. గొంతును బట్టి మనిషిని పోల్చుకుని, ఎవరికి డ్యూటీ లేకపోతే వాళ్లు ఆటో ఎక్కేవాళ్లం.

మొదట్లో ఈ విన్నపాలు అందరూ వాడే యాప్‌లోనే పెట్టుకున్నాం. ఒకామె కొడుకు తాగుడు గురించి ఏడుస్తూ చెప్పిన మాటలను ఎవరో ఇంకెవరికో పంపారు. అవి కాలనీ పాన్‌ఠేలా దగ్గర, కిళ్లీలు కట్టించుకునేవాళ్ల ఫోన్లలో మోగాయి. ఆ తర్వాతే నా మేనకోడలు తన ఇంట్లో, ఫ్రిజ్ పక్కన, ఒక పాత కంప్యూటర్‌ను సర్వర్‌గా పెట్టింది. బెల్లంపల్లిలో మా చుట్టాలది అలాంటిదే ఇంకొకటి. ఇక్కడ పెట్టిన మాట అక్కడా వినిపిస్తుంది. రెండింటికీ కలిపి ఒక యజమాని అంటూ లేడు. మాలో చాలామందికి తెలుగు చదవడం రాదు గనుక గొంతులే రికార్డు చేసి పెట్టుకునేవాళ్లం. బడి మొహం చూడకుండా, పాటల పుస్తకం మీద వేలు పెట్టి అక్షరాలు నేర్చుకున్న నాకు ఆ ఏర్పాటు ఎంతో నచ్చింది.

వానాకాలం మొదట్లో మా సర్వర్ మీద ఎవరో పడ్డారు. ఎక్కడెక్కడివో వేల కంప్యూటర్లు ఒక్కసారిగా వచ్చి దాని తలుపు కొడితే, అసలు మనుషులకు దారి లేకుండా పోయింది. ఎవరు చేశారో, మా మీద ఏం పగో ఇప్పటికీ తెలియదు. సరిగ్గా అప్పుడే వరోరాలో ఉండే చెల్లె విన్నపం పెట్టింది. గనిలో నాతో పనిచేసి చనిపోయిన స్నేహితుడి భార్య ఆమె. రొమ్ములో గడ్డ. నాగపూర్‌లో ముక్క తీసి పరీక్ష చేస్తామన్నారు. ఆ మాట ఎవరికీ చేరలేదు. ఒక్కతే రైలెక్కి వెళ్లి, ఒక్కతే తిరిగొచ్చింది. "ఎవ్వలూ రాలే అన్నా, పనులల్ల ఉన్నరనుకున్న" అంది. నిష్ఠూరం కూడా లేదు ఆ మాటలో.

మేనకోడలు వెంటనే ఒక పెద్ద కంపెనీ కాపలా పెట్టించింది. ఎవరొచ్చినా ముందు వాళ్ల గేటులోంచే రావాలి.

"గేటోడు మన మూట విప్పుతడా?" అన్నాను.

"విప్పుతడు మామా. విప్పితేనే గదా దొంగెవడో, మనిషెవడో ఎరుకైతది. మళ్ల కట్టి మనకు పంపుతడు."

"మరి తాళంచెవి?"

"వాళ్ల తాన గూడ ఉంటది."

"గిదేం కాపలానే? వాకిట్ల కూసోమంటే వంటింట్లకొచ్చి కూసున్నట్టు!"

"తీసేయమంటే తీసేస్త. రేపు మళ్ల పడిపోతది. ఆ అత్తమ్మ మళ్లొక్కతే నాగపూర్ పోతది. చెప్పు, తీసేయాల్నా?"

"అందరం బెల్లంపల్లోళ్ల దాంట్లకు పోదాం" అన్నాను. ఆమె నవ్వింది.

"వాళ్ల గేటు గూడ గా కంపెనీదే."

ఎవరి ఇల్లు వాళ్లం కట్టుకున్నాం. అందరి వాకిట్లోనూ ఒకడే కూర్చున్నాడు.

"అయినా, లైన్ల అందరి ఉత్తరాలు చదివినోనివి నువ్వే గదా మామా?" అంది.

నిజమే. గని క్వార్టర్లలో చదువు రానివాళ్లకు ఇంటి నుంచి వచ్చిన ఉత్తరాలు నేనే చదివిపెట్టేవాణ్ని.

"చదివిన. చదువుతుంటె నా మొకమే సూసెటోళ్లు. నేను నవ్వితె కాయితం గుంజుకునెటోళ్లు. గీ గేటోని మొకం ఏది?"

"మొకం లేదు మామా. మిషన్."

"ఆ మిషన్ ఎవని చేతిల ఉన్నది?"

ఆమె చాయ్ గిన్నె కడగడానికి లేచిపోయింది.

మా వాళ్లకు చెప్పకుండా ఉండటం నా వల్ల కాలేదు. నడుమ ఒకరున్నారు, తెలిసి మాట్లాడండి అని నా గొంతుతోనే చెప్పాను. "మన ఏడుపు ఇని వానికేమొస్తది? వానికి తెలుగొస్తదా?" అని ఒకాయన అందరినీ నవ్వించాడు. మా మాటలు ఎవరు వింటారో చెప్పమని కంపెనీకీ రాశాను. మేనకోడలు దాన్ని ఇంగ్లీషు చేసి పంపింది. జవాబు రాలేదు.

సర్వర్ మాత్రం మళ్లీ పడిపోలేదు. చెల్లె గొంతు ప్రతి ఆదివారం వచ్చేది: "నేను బాగున్న. అందరి కోసం ప్రార్థన చేస్తున్న." పరీక్షలో చెడ్డదేమీ బయటపడలేదు కాబోలని సంతోషపడ్డాను. తర్వాత మా వాళ్లలో ఒకాయన ఆమెను వరోరా స్టేషన్‌లో చూశాడు. తలకు రుమాలు బిగించి ఉందట. కింద జుట్టు లేదట. పక్కన ఎవరూ లేరట.

ఫోన్ చేస్తే ఎత్తలేదు. అప్పుడు మా మర్యాద పక్కనపెట్టి, ఆమె ఒక్కదానికే వినిపించేలా నోరు తెరిచి అడిగాను: "మందు ఎక్కిస్తున్నరట గదా చెల్లె. మళ్లెప్పుడు పోవాలె? మాకు ఎందుకు చెప్పలే?"

చాలా రోజులకు జవాబు వచ్చింది.

"నడుమ ఎవలో ఇంటున్నరని నువ్వే చెప్తివి గదా అన్నా. మీ అందరి ముందట చెప్పుకున్న. గా తెల్వనోని ముందట నా ఒంటి సంగతి ఎట్ల చెప్పాలె? నేను బాగున్న."