ఆది జాకెట్టుకు ఒక ప్రశ్న

మట్టెవాడలో అక్క నడిపే టైలరింగ్ దుకాణం కోసం నేనొక చిన్న ప్రోగ్రామ్ రాసిచ్చాను. పైథాన్‌లో రాశానంటే, "పామును తెచ్చి నా దుకాణంల ఇడుస్తవా?" అంది. ఛాతీ, నడుము, భుజం, చేతి పొడవు ఇస్తే కటింగ్ గీతలు కాగితం మీద అచ్చేసే ఫంక్షన్ అది. దానికిచ్చే కొలతలను ఆర్గ్యుమెంట్లంటారని చెప్పాను.

"ఆర్గ్యుమెంట్లు లేకుంట మనింట్ల ఏ ఫంక్షనైంది గనుక!" అంది అక్క.

నా గర్వమంతా అందులోని తనిఖీల గురించే. ఒక కొలత మరిచిపోతే ఫంక్షన్ ఆగి అడుగుతుంది. టేపు తిరగేసి సెంటీమీటర్లు కొడితే ఒప్పుకోదు. అంకె ఉండాల్సిన చోట అక్క మొదటిరోజే "జర లూజు" అని కొట్టింది. దానికీ ఒప్పుకోలేదు. ఆఫీసు పనిలో నేను ఎన్నడూ చూపని క్రమశిక్షణ అంతా జాకెట్ల మీద చూపించాను.

శ్రావణంలో ఒకామె తమ్ముడి పెళ్లికని పట్టుచీరలోని జాకెట్టు ముక్క తెచ్చింది. కొలతలు తీసుకోవడానికి ఆదిగా పాత జాకెట్టొకటి ఇచ్చింది. ఆ రంగు, ఆ అంచు ఉన్న ముక్క అదొక్కటే. కోత తప్పితే మళ్లీ దొరకదు. నేను ఆది జాకెట్టు పరిచి, కొలిచి, అంకెలు కొట్టాను. ఫంక్షన్ కిక్కురుమనకుండా కాగితం ఇచ్చేసింది. అక్క మాత్రం కత్తెర పట్టుకొని కాగితాన్నీ, కుర్చీలో ఉన్న ఆమెనూ మార్చి మార్చి చూసి, నన్ను పక్కకు లాగింది.

"ఇది ఆమె పెండ్లినాటి జాకెట్టు లెక్కున్నది చెల్లె. ఇప్పుడు ఇద్దరు పిల్లలాయె."

"అయితే అడుగు."

"ఎట్లడగాలె? లావైనవంటే మళ్ల మన దిక్కు సూడదు. అడగకుంట కోస్తే బట్ట పాయె!"

ఇచ్చింది అంకేనా, అంగుళాలేనా అని చూసుకున్నాను గానీ, ఆ అంకె ఏ కాలందో చూసుకోలేదు. అక్కడే కూర్చొని ఇంకో ఆర్గ్యుమెంటు చేర్చాను. అది చెప్పందే ఫంక్షన్ కదలదు. కొలతలు మళ్లీ కొట్టగానే తెర మీద ఎర్రగా వచ్చింది: "ఈ జాకెట్టు ఇప్పుడు సరిపోతోందా?"

అక్క లాప్‌టాప్‌ను ఆమె వైపు తిప్పింది. "జర చూడు వదినా. నేనడుగుతలేను, ఇది అడుగుతాంది."

"దీనికెందుకు నా ఫికర్?"

"అందర్నీ అడుగుతది. చెప్పకుంటే ముంగటికి పోదు."

ఆమె ఆది జాకెట్టు తీసుకొని కర్టెన్ వెనక్కి వెళ్లింది. కర్టెన్ చాలాసేపు అటూ ఇటూ కదిలింది. చివరికి, "పట్టింది!" అని వినిపించింది.

"హుక్కులు పడ్డయా?"

"హుక్కుల ముచ్చట అది అడగలే గద!"

అక్క నవ్వు ఆపుకోలేకపోయింది. కర్టెన్ కూడా నవ్వింది. "సరే తియ్యి, టేపు పట్టుకరా. మీ చెల్లెను మాత్రం అటు దిక్కు తిరుగుమను."

నేను బజారు వైపు తిరిగి నిలబడ్డాను. కొత్త కొలతలు అక్కే కొట్టుకుంది. కాగితం మొదటిదానికంటే వెడల్పుగా వచ్చింది. పట్టుముక్క మీద దాన్ని పరిచి, జంకు లేకుండా కోసింది.

పోయేముందు ఆమె పాత జాకెట్టు మడిచి సంచిలో పెట్టుకుంటూ, "వచ్చే యాడాదికి ఇదే పడ్తది, సూడుండ్రి" అంది.

ఆ మాటను తనిఖీ చేసే ధైర్యం నాకూ లేదు, అక్కకూ లేదు.