చూసినవా, నమ్ముతున్నవా

కొండాపూర్‌లో షేర్ ఆటో ఎక్కానో లేదో, మా మేనేజర్ ఫోన్. ఆసుపత్రుల్లో మందు మోతాదు లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించడం నా పని. ఆ రోజే దాని కొత్త వెర్షన్ విడుదల.

"పోయినసారి పాసయింది కదమ్మా, ఈసారీ పాస్ అని పెట్టెయ్" అన్నాడు. మా ఆఫీసులో అది మామూలే.

"సరే సార్. ఆసుపత్రి మందుల లెక్క కరెక్టుగానే ఉంటుంది, నాకు తెలుసు" అన్నాను.

పక్కన కూర్చున్న పెద్దావిడ ముంజేతికి సెలైన్ సూది తీసిన చోట ప్లాస్టర్ ఉంది. నా మాటలు విన్నట్టుంది.

"దవాఖాన మందుల లెక్కనా, బిడ్డా? ఇయ్యాల నువ్వు చూసినవా?"

"లేదమ్మా. బాగానే ఉంటుంది."

"అంటే నమ్ముతున్నవ్." ప్లాస్టర్‌ని వేలితో నిమురుకుంది. "నేనంటే నమ్ముత, నాకు వేరే దారి లేదు. నీకు ఉంది కద."

నానక్‌రామ్‌గూడలో దిగిపోయాను.

సాయంత్రం దాకా ప్రతి లెక్కా మళ్ళీ నడిపాను. విడుదల ఆగింది. మేనేజర్ చిందులు తొక్కాడు. ఒక్క తప్పూ దొరకలేదు.

"చూశావా, నేను ముందే చెప్పాను!"

"మీరన్నది నిజమే సార్. కానీ పొద్దున అది మనకు తెలీదు. ఇప్పుడు తెలుసు."

పాస్ బటన్‌ని అంత గట్టిగా ఎప్పుడూ నొక్కలేదు.

ఇప్పుడు మా టీములో ఎవరైనా "నాకు తెలుసు" అంటే, "చూసినవా?" అని అడుగుతాను. మాది కాకినాడ, ఆ యాస నా నోట సరిగ్గా పలకదు. అయినా ఎవరూ నవ్వరు. వెళ్ళి చూసొస్తారు.