మాచర్ల బజారులో మెయిన్ స్విచ్ ఆపిన మధ్యాహ్నం

"మా మరిది కొట్టు కూలగొడతానంటన్నాడే, ఒకసారి వచ్చి చూసిపో" అని మంగమ్మత్త ఫోన్ చేసింది. మాచర్లలో ఆమెది బట్టల కొట్టు. మామయ్య పోయాక ఆమే నడుపుతోంది. ఆ పాత కట్టడంలో సగం వాటా మరిది శేషయ్యది. పాతది కనబడితే చాలు గునపం పట్టుకొచ్చే వాళ్లంటే నాకు ఒళ్లు మంట. వెంటనే బయల్దేరాను.

ఉదయం నరసరావుపేటలో కారంపూడి మీదుగా పోయే బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకి టికెట్టు ఉచితం. పదిన్నరకి మాచర్లలో దిగి, ముప్పై రూపాయలకి ఆటో మాట్లాడుకున్నాను. "ఆ పాత కొట్టుకా అక్కా? పడగొడతన్నారంటగా" అన్నాడు డ్రైవరు. కుండ మూతి మూయొచ్చు గాని లోకం మూతి మూయలేం.

మా వైపు ఆడవాళ్లు చీర నచ్చితే దాన్ని గుమ్మం దాకా తీసుకెళ్లి, పగటి వెలుగులో రంగు చూస్తే గాని కొనరు. ట్యూబులైటును నమ్మరు. కొట్ల వాళ్లేమో కిటికీలకి అడ్డంగా అరలు పెట్టి, పట్టపగలు లైట్లన్నీ వేస్తారు. అత్తా అదే చేసింది. పైగా ఫాల్స్ సీలింగు కొట్టించి ఏసీలు పెట్టించింది. అవి వేసవంతా రొప్పాయే గాని కొట్టు చల్లబడలేదు. ఈ ఏడు తిక్కరేగి సీలింగు పీకిస్తే, ఎత్తైన కప్పూ దాని కింద వెంటిలేటర్లూ బయటపడ్డాయి. ఉత్తరం వైపు అరలు తీయించి కిటికీలు తెరిపించింది. డాబాకి తెల్లగా సున్నం కొట్టించింది. "ఇంత గాలి నెత్తిన పెట్టుకొని ఏసీలు కొన్నానే, ఎంత ఎర్రిదాన్నో!" అని నాకు అవన్నీ చూపిస్తూ పగలబడి నవ్వింది.

మధ్యాహ్నం శేషయ్య కాంట్రాక్టరుతో దిగాడు. "అద్దాల కాంప్లెక్సు కడదాం వదినా. ఈ ఉక్కలో ఎవరు కూర్చుంటారు?"

అత్త లేచి మెయిన్ స్విచ్ ఆపేసింది. ఫ్యాన్లు ఆగిపోయాయి. "కూర్చో శేషయ్యా. ఈ కొనేవాళ్లు ఉక్కకి లేచిపోతే రేపే పడగొట్టు."

చీరలు పరిచి చూపించే పరుపు మీద పెళ్లి బట్టలు కొనడానికొచ్చిన ఆడవాళ్లున్నారు. శివరాత్రి దాటిన ఎండ. చెమట పట్టలేదని అబద్ధం చెప్పను, కొంగులతో విసురుకున్నారు. కానీ ఒక్కరూ వెళ్లిపోలేదు. ఒక పెద్దావిడ మాత్రం చీర పట్టుకొని గుమ్మం దాకా పోయి తిరిగొచ్చింది. "ఆడా ఈడా ఒకటే రంగు, అమ్మాయ్. ఊరికే మోకాళ్లు నొప్పి చేసుకున్నా. ఇంకో నాలుగు తియ్యి."

కాంట్రాక్టరు కప్పుకేసి చూస్తూ, "ఇంత ఎత్తు మనం కట్టే అంతస్తుకి రాదండీ" అన్నాడు. శేషయ్య మొహం ముడుచుకొని లేచాడు. "రోహిణి కార్తెలో చూద్దాంలే వదినా."

"రోహిణిలోనే రా. మెయిన్ నువ్వే ఆపుదువు గాని."

సాయంత్రం బస్సులో ఆ మాటే తలుచుకుంటూ వచ్చాను. కొట్టు ఇంకా పూర్తిగా గట్టెక్కలేదు. అయినా, గాలీ వెలుగూ ముందే ఉన్న గోడల్ని మూసి, వాటినే మళ్లీ కరెంటుతో కొనుక్కోవడం అభివృద్ధి అంటే నేను ఒప్పుకోను. మీకూ ఇలాంటి పాత కొట్టుంటే, ఇంకో ఏసీ కొనేముందు నిచ్చెనెక్కి, సీలింగులో ఒక పలక జరిపి, పైన ఏముందో చూడండి.