ఆరున్నొక్కటి

1963 శీతకాలం. దివిసీమ చివర, కృష్ణ సముద్రంలో కలిసేచోట ఉన్న మడ అడవిలో జంతువులనూ పక్షులనూ జాతులవారీగా లెక్కించే పని అటవీశాఖవారు నాకు అప్పగించారు. సిబ్బంది చాలక, అడవి చూడడానికి వచ్చిన పదిమందిని సాయం అడిగాను. తొమ్మిదిమంది బందరు కాలేజీ విద్యార్థులు, ఒకరు గుడివాడలో లెక్కలు చెప్పే దేవదానం మాస్టారు.

మా పద్ధతిని లైన్ కౌంట్ అంటారు. మనుషులు ఎడంగా, ఒకే వరసలో నడుస్తూ ఎదురైన జాతిని రాసుకోవాలి. మడచెట్లలో పక్కమనిషి కనబడడు. అందుకని నేను ఈల వేయగానే అందరూ ఆగి, ఎడమ నుంచి ఎవరి నంబరు వారు అరవాలి. వరస తెగలేదని తెలిసేది దానితోనే.

పడవ దగ్గర ఒకసారి చెప్పించి చూశాను. ఏడో మనిషి మాస్టారు.

"ఆరున్నొక్కటి!" అని అరిచారు. కుర్రాళ్ళు పగలబడి నవ్వారు.

"ఏడు అనండి మాస్టారూ," అన్నాను.

"అదొక్కటీ అడక్కండి. క్లాసులో ఏడో ఎక్కం చెప్పిస్తాను గానీ, మనుషుల్ని లెక్కెట్టేటప్పుడు ఏడు అని ఎలా అంటానండీ? ఏడవమన్నట్టుండదూ! మా అమ్మ వడ్లు కొలిచేటప్పుడు కూడా అనేది కాదు."

పడవ నడిపే నాంచారయ్య నవ్వాడు. "చర్చికెళ్ళేవోళ్ళు, మీక్కూడా ఉందా ఈ పట్టింపు?"

"ప్రార్థన నాదే నాంచారయ్యా, నోరు మాత్రం మా అమ్మది."

సముద్రం నీళ్ళు వెనక్కి తీసే ఆటు మీద బయల్దేరాం. నేనూ నాంచారయ్యా ఎడమ చివర నడిచాం. మొదటి రెండుసార్లు ఆగినప్పుడు గూడబాతులు, నీటికుక్కలు, ఒక బావురుపిల్లి కనబడ్డాయి. తరవాత సముద్రం వైపు నుంచి మంచు కమ్మింది. పక్షుల కూతలు ఒక్కసారిగా ఆగిపోయాయి. మూడోసారి ఈల వేశాను.

"... ఐదు." "ఆరు." "ఏడు." "ఎనిమిది..."

పది గొంతులూ వచ్చాయి. ముందుకు నడవమని ఈల మళ్ళీ నోట్లో పెట్టుకున్నవాణ్ణి ఆగిపోయాను. ఏడు అన్నదెవరు?

"మాస్టారూ!" అని పిలిచాను.

"ఏడు," అంది మంచులోంచి ఒక గొంతు. ఈసారి ఇంకాస్త సముద్రం వైపు నుంచి.

నాంచారయ్య నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "మాస్టారి గొంతు కాదు బాబూ. అటెళ్ళొద్దు. పోటు తిరిగింది."

వరస వెంట నడిచి చూస్తే ఏడో చోటు ఖాళీగా ఉంది. ఆరో అబ్బాయి తన నంబరు తప్ప మరెవరిదీ చెప్పలేదన్నాడు. ఎనిమిదో అబ్బాయి మా దగ్గరకు వచ్చేశాడు. "నా పక్కనే వినబడిందండీ. అది విన్నాకే ఎనిమిదన్నాను."

ఆ గొంతును వదిలేసి, వెనక్కి పరుగెత్తి, రెండోసారి ఆగినచోటి నుంచి మాస్టారి అడుగుజాడలు పట్టుకున్నాం. ఒక చిన్న పాయ ఒడ్డున అవి ఆగిపోయాయి. ఆయన ఛాతీ దాకా బురదలో దిగబడి ఉన్నారు. నీళ్ళు భుజాలను తాకుతున్నాయి. మడకొమ్మలు విరిచి అడ్డం వేసి, అందరం కలిసి లాగాం.

పడవలో బురద తుడుచుకుంటూ ఆయన చెప్పారు. "బురద నొక్కేసి అరుపు పైకి రాలేదు. మీ నంబర్లన్నీ వినబడ్డాయి. నా వంతు వచ్చేసరికి ఎవరో పలికారు."

"ఎవరంటారు మాస్టారూ?" అన్నాడు నాంచారయ్య.

"ఎవరో ఏమో. నన్ను ఎరిగినవాళ్ళు మాత్రం కాదు."

ఆ గొంతు ఎవరిదో నేటికీ నాకు తెలియదు. ఆ తరవాత నా లైన్లలో నంబర్లు అరిపించడం మానేశాను. ఆగిన ప్రతిసారీ పక్కమనిషి దగ్గరకు వెళ్ళి, ముఖం చూసి రమ్మంటాను. పని సగమే సాగుతుంది. పై అధికారులు కారణం అడిగితే, మంచులో గొంతును నమ్మి మనిషిని లెక్క వేయకూడదని చెబుతాను.