పప్పు ఉడికే నీళ్ళు

మా అమ్మాయి ఏడాది పనికి కిరిబాస్ దీవులకు వెళ్తానన్నప్పుడు పటం తీసి చూశాను. పసిఫిక్ మధ్యలో ఈగలు వాలినట్టు నాలుగు చుక్కలు. మెల్‌బోర్న్‌లో నిక్షేపంలాంటి ఉద్యోగం వదిలి ఈ చుక్కలేమిటని రెండు రోజులు దానితో మాట్లాడలేదు. సూట్‌కేసులో మాత్రం కందిపప్పు సర్దాను. కోపం కోపమే, పప్పు పప్పే.

అక్కడ దాని పని తాగునీరు. పగడపు ఇసుక కింద వాన నీరు ఉప్పునీటి మీద పాల మీద మీగడలా తేలుతుందట. ఊరంతా ఆ మీగడ మీదే బతుకుతోంది. అమ్మాయి ఉండే ఊరికి ఒకటే బావి. బావి ఉప్పైతే అందరూ ఊరొదిలి పడవెక్కాల్సిందే.

పున్నమికి పెద్ద పోటు, పైగా గాలి కూడా అని విని ఫోన్ చేశాను. కోనసీమలో పుట్టిన నోటికి ముందు వచ్చే మాటే వచ్చింది.

"ఒడ్డున ఉండకే. వెంటనే లోపలికెళ్ళిపో."

"అమ్మా, లోపల అంటూ ఏం లేదిక్కడ. దిస్ సైడ్ ఓషన్, దట్ సైడ్ లగూన్. మధ్యలో రోడ్, దట్స్ ఇట్."

ఆ సాయంత్రమే లైను పోయింది.

మర్నాడంతా ఫోన్ మోగలేదు. మెల్‌బోర్న్ శివారు ట్రుగనీనాలో మా ఇంటి పెరట్లో డాక్టరైన మావారు తడిసిన మొక్కలకే మళ్ళీ నీళ్ళు పోస్తూ, "టవర్ పోయుంటుందిలే" అన్నారు. ఆ 'లే'కి ఒళ్ళు మండింది.

ఆ మర్నాడు మధ్యాహ్నం వీడియో కాల్ వచ్చింది. "ఐయామ్ ఫైన్, అమ్మా. నీళ్ళు రోడ్డెక్కి వెళ్ళిపోయాయి." వంటింట్లో నేల మీదే కూలబడి ఏడ్చాను. ప్రాణం లేచొచ్చింది.

కళ్ళు తుడుచుకోగానే బావి గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు మా ఊళ్ళోకి సముద్రం వచ్చి పోయింది. మేం బతికాం, బావులు బతకలేదు. ఆ ఉప్పునీళ్ళలో మా అమ్మ ఎంతసేపు ఉడికించినా పప్పు గులకరాళ్ళలా కుండలో అలాగే ఉండేది.

"బావి ఎలా ఉందే?"

"తెలీదమ్మా. టెస్ట్ కిట్ అవతలి దీవిలో ఉంది. బోట్స్ లేవు."

"పప్పు మిగిలిందా?"

"ఉంది."

"ఆ బావి నీళ్ళే పోసి పొయ్యి మీద పెట్టు. ఉప్పు మాత్రం వెయ్యకు."

ఫోన్‌ని గోడకు ఆనించి పెట్టింది. పక్కింటి పెద్దావిడ వచ్చి పొయ్యి దగ్గర కూర్చుంది. ఇటు నేనూ మావారూ, అటు వాళ్ళిద్దరూ, మధ్యలో గిన్నె. నాకు తెలిసిన దేవుళ్ళందరినీ ఆ గిన్నె దగ్గరికే పిలిచాను.

చాలాసేపటికి అమ్మాయి ఓ బద్ద తీసి వేళ్ళ మధ్య నలిపింది. మెత్తగా మెదిగిపోయింది. పెద్దావిడ కూడా ఒకటి నలిపి చూసింది, నవ్వింది, లేచి ఊళ్ళోవాళ్ళకి చెప్పడానికి బయటికి నడిచింది.

"నౌ వాట్, అమ్మా?"

"ఇప్పుడు వెయ్యి ఉప్పు" అన్నాను.