లేహ్యం సీసాలో పండుమిర్చి తొక్కు

ఒక్కదాన్నే కూర్చుని తినడం కూడా నేర్చుకోవలసిన విద్యేనని ఆ రోజుల్లో నాకు తెలియదు. ఆ రోజులంటే ఎప్పటివో కాదు, ఆరేళ్ళ కిందటివే. కానీ ఈ వారమే నా పేరు కింద 'సీనియర్ ఇంజనీర్' అని అచ్చయిన కార్డులు వచ్చాయి కాబట్టి (చెప్పకుండా ఉండలేకపోయాను, క్షమించాలి, కొత్తగూడెంలో మా అమ్మ పాలాయనకు కూడా ఒకటి ఇచ్చింది) ఆరేళ్ళు అరవైలా కనిపిస్తున్నాయి. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేను. మా నాయన బొగ్గుబాయిలోకి దిగేవాడు, మా తాత కూడా అంతే. నేను మాత్రం బొగ్గుబాయిలకు కన్వేయర్ బెల్టులు తయారుచేసే కంపెనీలో కుర్చీ ఉద్యోగం సంపాదించాను.

అసలు సంగతికి ముందు మా క్వార్టర్ల లైనులోని ఒక మర్యాద చెప్పాలి. మేం తలుపు తెరిచే అన్నం తింటాం. గుమ్మం ముందు నుంచి ఎవరు పోతున్నా "రా వదినా, తిందువు" అని పిలవాలి. ఆ వదిన కడుపు కాలుతున్నా సరే, "ఇప్పుడే తిన్ననే, నువ్ కానియ్" అనాలి. పిలవకపోతే తినేవాళ్ళది తప్పు, పిలవగానే వస్తే వచ్చినవాళ్ళది తప్పు. ఒకసారి నాయన దోస్తు ఒకాయన, ఈ రెండో సగం తెలియక, పిలవగానే చెప్పులు విడిచి పీట వేసుకున్నాడు. అమ్మ తన కంచంలోది ఆయనకు పెట్టి "నాకియ్యాల ఉపాసం" అంది. మంగళవారం పూట చేపల కూరతో ఉపాసమేమిటని ఆ వారమంతా లైనులో అదే ముచ్చట.

ఉద్యోగంలో చేరగానే విశాఖపట్నంలో పది రోజుల ట్రైనింగు అన్నారు. సముద్రం కనిపించే పెద్ద హోటల్లో గది, భోజనం కూడా అక్కడే. బ్యాచులో మిగతావాళ్ళంతా ఆ ఊరివాళ్ళే, సాయంత్రమైతే ఇళ్ళకు పోయేవారు. మొదటి రోజే ట్రైనింగు మేడం మమ్మల్ని నిలబెట్టి, "పోయిన బ్యాచులో ఒక మహానుభావుడు హోటల్ గదిలో ఇస్త్రీపెట్టె మీద చపాతీలు కాల్చాడు. కంప్లైంటు వచ్చింది. అదే రోజు ఇంటికి పంపించేశాం. మీ ఉద్యోగాలు కూడా ఇంకా ఖాయం కాలేదు" అంది.  మా నాయనేమో అప్పటికే షిఫ్టు మొత్తానికీ "నా బిడ్డది పర్మనెంటయింది" అని చెప్పి, మిఠాయి కూడా పంచేశాడు.

ఇక ఆ హోటల్ భోజనం. దీపాలు ఎంత మసకగా ఉంటాయంటే, బాయిలోకి దిగినట్టు నెత్తికి లైటు కట్టుకుని రావలసింది అనిపించింది. మెనూలో పేర్లు పలకలేక వేలు పెట్టి చూపించేదాన్ని. మొదటి రోజు సూపని చల్లటి పులుసు వచ్చింది. (చల్లారిందేమో, వేడి చేసుకురమ్మన్నాను. ఆ వెయిటరు ముఖం ఇప్పటికీ గుర్తుంది.) రెండో రోజు ఆకులు, వాటి మీద మరికొన్ని ఆకులు. మూడో రోజు ఉప్పూకారం ఎరగని చేపముక్క, దాని మీద ఒక పువ్వు. పైగా వెనకాల వెయిటరు చేతులు కట్టుకుని నిలబడి చూస్తుంటాడు. తినేటప్పుడు ఎవరైనా చూస్తే కడుపునొప్పి వస్తుందని మా పెద్దమ్మ నూరిపోసింది. అందుకని ప్రతి ముద్దకూ వెనక్కి తిరిగి "మీరు తిన్నారా అన్నా?" అని అడిగేదాన్ని. మూడో రోజుకు ఆయన నిలబడే చోటు మార్చుకున్నాడు.

నాలుగో రోజు నా వల్ల కాలేదు. గదిలో అమ్మ పెట్టి పంపిన పండుమిర్చి తొక్కు ఉంది. అమ్మ దాన్ని, నాయన దగ్గుకు వాడిన లేహ్యం సీసా కడిగి, అందులో నింపింది. చీటీ మాత్రం పీకలేదు. 'పెద్దలకు రెండు చెంచాలు, పొద్దున, సాయంత్రం' అని దాని మీద అలాగే ఉంది. రెస్టారెంటు గుమ్మంలో 'బయటి తినుబండారాలు తేరాదు' అని బంగారు అక్షరాల బోర్డు. సీసాను హ్యాండ్‌బ్యాగులో అడుగున దాచి, ఆ బోర్డును చూడనట్టు సముద్రం వైపు చూస్తూ లోపలికి నడిచాను.

చేపముక్క వచ్చింది. ఒళ్ళో సీసా పెట్టుకుని మూత తిప్పాను. ఖమ్మం మిర్చి, వెల్లుల్లి, మెంతుల పొగరు ఒక్కసారిగా లేచి హాలంతా ఒక చుట్టు చుట్టి వచ్చింది. పక్క టేబులు దగ్గర ఒంటరిగా తింటున్న పెద్దావిడ (చెవులకు ముత్యాలు, వేలికి రేగుపండంత ఉంగరం, అందుకే ఆమెకు ముత్యాల మామ్మ అని పేరు పెట్టుకున్నాను) చెంచా ఆపి నా వైపు చూసింది. దొరికిపోయాననే కంగారులో నా నోరు తనకు తెలిసిన ఏకైక మర్యాదను బయటికి తోసింది.

"రండి, తిందురు."

ఆమె లేచింది. కంచం చేత్తో పట్టుకుని వచ్చి, నా ఎదురుగా కూర్చుంది.

"మీరు తిన్నానని చెప్పాలి కదండీ?" అన్నాను దిక్కుతోచక.

"చెప్పాలమ్మాయ్, నాకు తెలీదా? కానీ నువ్వు పిలవకముందే నీ పచ్చడి పిలిచేసింది. ఇలా ఇయ్యి."

"పచ్చడి కాదండీ, తొక్కు."

"ఏదైతేనేం, ముందు పెట్టు!"

రెండు చెంచాలు పెట్టానో లేదో, కోటు తొడుక్కున్న మేనేజరు ముక్కు ఎగబీలుస్తూ వచ్చాడు. "ఎక్స్‌క్యూజ్ మీ మేడం, బయటి ఫుడ్డు ఏమైనా..." సీసా టేబులు మీదే ఉంది. నాకు ఇస్త్రీపెట్టె చపాతీలవాడు కళ్ళ ముందు కనిపించాడు. వాడి వెనకాల ఖాళీ మిఠాయి పొట్లంతో మా నాయన కనిపించాడు.

మామ్మ సీసా ఎత్తి, చీటీని అతని ముఖానికి చూపించింది. "నా లేహ్యం బాబూ. కఫానికి."

"కొంచెం ఘాటుగా వాసన వస్తోంది మేడం."

"ఘాటు లేకపోతే కఫం కదుల్తుందా? చదువుకున్నవాడివి, ఆమాత్రం తెలీదూ?"

అతను కదలలేదు. చూపు సీసా మీదే ఉంది. మామ్మ అతని కళ్ళలోకే చూస్తూ చెంచా నిండా తొక్కు తీసి, ఉత్తదే నోట్లో వేసుకుంది. నేను దుమ్ముగూడెం దగ్గర గోదావరి వరద చూసినదాన్ని, కానీ ఆమె కళ్ళ వెంట వచ్చినంత వేగం అక్కడ చూడలేదు.

"చేదుగా ఉందా మేడం?" అన్నాడు అతను జాలిపడి.

"చాలా," అంది మామ్మ ఎగశ్వాసతో. "దీనికి పథ్యం ఉంది. వేడన్నం, నెయ్యి. ఈ పిల్ల నాకు తోడుగా కూర్చుంది, తనకీ పట్టుకురా."

తెచ్చారు! వెండిలా మెరిసే గిన్నెలో, పొగలు కక్కుతూ. తోడుగా ఒక పథ్యం మనిషికి ఇవ్వవలసినంత గౌరవం కూడా. మామ్మ ఉంగరం తీసి పక్కన పెట్టి, చేత్తో కలిపింది. నేనూ కలిపాను. నాలుగు రోజుల తర్వాత నా కడుపు నాతో మాట్లాడింది. తినడం అయ్యాక సీసా అందుకోబోయాను. మేనేజరు ఇంకా అక్కడే తచ్చాడుతున్నాడు. మామ్మ చల్లగా సీసా తన బ్యాగులో వేసుకుని, "పొద్దుటి మోతాదు కూడా ఉంది కదమ్మా" అని, నా బుగ్గ గిల్లి వెళ్ళిపోయింది. అతని ముందు నేను ఏమనగలను? మర్నాడు టిఫిను వేళకు అడిగితే, ఆవిడ తెల్లవారుజామునే ఊరు వెళ్ళిపోయారన్నారు.

అమ్మకు ఫోన్ చేశాను. "ఏందే, సీసెడు తొక్కు ఇచ్చినవా?"

"ఇయ్యలే అమ్మా, తీస్కపోయింది."

"ఎసొంటామె?"

"గొప్పింటామెనే. ముత్యాలు గిట్ల పెట్టుకున్నది."

అమ్మ తిడుతుందనుకున్నాను. "అంటే గసొంటామె దొంగతనం జేసేటంత మంచిగున్నదా నా తొక్కు? గది ముందు చెప్పవేందే, పిచ్చిదానా!" అని ఫోన్ పెట్టకుండానే లైనంతా వినేలా పక్కింటి పెద్దమ్మను కేకేసింది. మిగిలిన ఆరు రోజులూ నేను పువ్వులు పెట్టిన చేపలే తిన్నాను. కంప్లైంటు వెళ్ళలేదు. నెల తిరిగేసరికి ఖాయం చేసిన ఉత్తరం వచ్చింది, నాయన మళ్ళీ మిఠాయి పంచాడు. (మొదటిసారి పంచింది దేనికని ఎవరూ అడగలేదట.)

ఇప్పుడు నెలకో ఊరు, ఊరికో హోటలు. ఏ ముళ్ళ చెంచా ఎటు పట్టాలో తెలుసు, చల్లటి పులుసును వేడి చేయమనను. మొన్న రాయపూర్‌లో వెయిటరు "ఒక్కరేనా మేడం?" అని, ఎదుటి కంచం తీసేయబోయాడు. ఎందుకో, "ఉండనివ్వు" అన్నాను.

"ఎవరైనా వస్తున్నారా?"

"ఏమో, చెప్పలేం" అన్నాను. అతను మర్యాదగా రెండు గ్లాసుల్లోనూ నీళ్ళు పోసి వెళ్ళాడు. అరగంట చూసి, రెండూ నేనే తాగాను.